చెక్కయచ్చు బొమ్మయు చేతివ్రాతయు

జపాను దేశపు చిత్తరువులలో మన విద్యార్థులకు మిక్కిలి పరిచితమైనది పెద్దయల చిత్తరువు. నీలికెరటము గోళ్లు చాచినట్లు పైకి లేచియుండును. దానినడుమ మూడు పడవలును, దూరమున చిన్నదిగా ఫుజి పర్వతమును కానవచ్చును. చిత్రలేఖనపు తరగతిలో దానిని చూచి వ్రాయ నుత్సహింపని బాలుడు అరుదు. అయినను దానిని గూర్చి యడిగినపుడెల్ల మాకొక్క యుత్తరమే వచ్చుచున్నది: "హొకుసాయి అనే ఆయన రంగులతో వేసిన బొమ్మండీ, మేస్టారూ." ఈ యుత్తరము సగము మాత్రమే సరియైనది. హొకుసాయి ఆ చిత్రమును కల్పించెను, దాని రేఖలను వ్రాసెను. కాని మనము చూచుచున్న కాగితముపై రంగుంచినది ఆయన కుంచె కాదు. అది చెక్కలతో అచ్చొత్తిన బొమ్మ.

ఈ భేదము స్వల్పముగా తోచవచ్చును. కాని యిట్టి బొమ్మలను చేతితో తిరిగి వ్రాయగోరువారికి దీనికంటె ముఖ్యమైన సంగతి లేదు. రవివర్మ పటములు మన యిండ్లలో గోడలకు వ్రేలాడినవి గదా! వానికి మూలములున్నవి. ఆయన తైలవర్ణములతో బట్టపై వ్రాసిన చిత్రములున్నవి. 1894లో స్థాపింపబడిన ఆయన ముద్రణాలయము అట్టివానికి ప్రతులు తీసినది. కావున ప్రతిని చూచినవాడు మూలమును వెదకి పోవచ్చును. పెద్దయల విషయమున నట్లు కాదు. దానికి మూలమైన రంగుల చేతివ్రాత యెచ్చటను లేదు. అచ్చు పుట్టుట కొరకు ఆ మూలరేఖాచిత్రము నశింపవలసినదే.

ఎట్లు నశించునో వినుడు. చిత్రకారుడు పలుచని కాగితముపై నల్లసిరాతో రేఖలు మాత్రము వ్రాసి యిచ్చును. చెక్కుడు పనివాడు దానిని చెర్రీ మ్రాను పలకపై బోర్లగా అంటించి, వెనుకవైపు కాగితమును మెల్లగా రుద్ది, రేఖలు స్పష్టముగా కనబడునట్లు చేసికొనును. పిదప రేఖ కిరువైపుల కత్తితో కోసి, రేఖను మాత్రము నిలిపి తక్కిన చెక్కను తొలగించును. ఈ పనిలో ఆ కాగితము కత్తిపాలగును. అది రేఖల పలక. దానితో నల్లగా కొన్ని ప్రతులు తీసి, ఒక్కొక్క ప్రతిపై ఒక్కొక్క రంగు రావలసిన తావులను గుర్తింతురు. ఆ గుర్తులనుబట్టి రంగున కొక పలకను వేరుగా చెక్కుదురు. చివరకు ముద్రించువాడు పలకపై రంగును బియ్యపుగంజితో కలిపి కుంచెతో పూసి, తడిపిన కాగితమును దానిపై పరచి, వెదురుపొర చుట్టిన గుండ్రని బిళ్లతో వెనుకనుండి రుద్దును. పలక మూలనొకటి, అంచుననొకటి రెండు చిన్న గాట్లుండును. ప్రతి పలకయందును కాగితపు మూలయు అంచును ఆ గాట్లలోనికే వచ్చి కూర్చుండునట్లు చూచినచో రంగు రేఖను దాటిపోదు. వీరందరికి పెట్టుబడి పెట్టి, పని చెప్పి, బొమ్మలను విక్రయించువాడు ప్రకాశకుడు. ఇట్లు నలుగురి చేతిపని యొక బొమ్మ. అందులో పేరు మిగిలినది మాత్రము తరచుగా ఒక్కనిదే. చెక్కినవాని నేర్పు లేనిచో పెద్దయల నురుగు గోళ్లవలె మొన తేలియుండునా?

కృష్ణాజిల్లా బంధువుల యిండ్లకు పోయివచ్చిన బాలురు పెడనలో అద్దకపు పని చూచియుందురు. అచ్చటను చెక్క అచ్చులే, అచ్చటను రంగునకొక అచ్చే. కాని పని నడక తలక్రిందులు. అద్దకమున బట్టను బల్లపై పరచి, టేకు అచ్చును రంగుమెత్తపై అద్ది, పైనుండి బట్టమీద నుంచి చేతితో చరతురు. జపానువారు పలకను క్రిందనుంచి కాగితమును పైన పరతురు. అద్దకమువాడు చిన్న అచ్చును వరుసగా నుంచుచు గజములకొలది బట్టను నింపును. జపాను పలక బొమ్మ యంతయు నొక్కటే. వేరొక భేదము కూడ కలదు. మన అద్దకమున అచ్చు వేయునది తరచుగా రంగు కాదు. కరక్కాయ పట్టించిన బట్టపై పటికను అచ్చువేసి, పిదప మంజిష్ఠ మొదలగు వేరులతో ఉడికించినపుడు ఆ తావున మాత్రమే యెఱుపు పట్టును. అందుచేత నది ఉతుకులకు నిలుచును. జపాను కాగితపు బొమ్మలోని రంగులట్లు నిలువవు. కుసుమపువ్వు నుండి తీసిన యెఱుపు వెలుతురునకు వెలిసిపోవును. నేడు మ్యూజియములలో మనము చూచు పాత బొమ్మలు అనేకములు తమ తొలి రంగును కోల్పోయినవే.

చేతితో రంగులు వేయుట ఈ కళకు పరాయిది కాదు. మొదట జపానులో నల్లని రేఖ మాత్రమే అచ్చొత్తెడివారు. ఆ పిదప కొనువారి ముచ్చటకై సిందూరపు రంగును, కుసుమ యెఱుపును కుంచెతో ఒక్కొక్క ప్రతిపై పూసెడివారు. 18వ శతాబ్ది నడుమ రెండు మూడు రంగుల అచ్చులు వచ్చినవి. 1765లో సుజుకి హరునొబు కాలమున పలురంగుల అచ్చు పూర్ణరూపము దాల్చినది. దానికి కారణము పంచాంగములని చెప్పిన మన పిల్లలకు వింతగా నుండును. ఆ దేశపు చాంద్రమాన సంవత్సరమున ఏ నెలలు పెద్దవో యేవి చిన్నవో తెలుపు అంకెలను చిత్రములో దాచి, కలవారు మిత్రులకు కానుకగా పంచుకొనెడివారు. ఆ పోటీలో ఖర్చుకు వెనుదీయలేదు. మంచి కాగితము, ఎక్కువ పలకలు వాడుకలోనికి వచ్చినవి. ఆ బొమ్మలకు పట్టుజరీ బట్టను తలపించు పేరొకటి పెట్టిరి. తరువాత అవి అంగళ్లలో సామాన్యులు కొనదగిన వెలకే దొరకినవి. హొకుసాయి 1830 ప్రాంతమున ఆరంభించిన ఫుజి పర్వతపు ముప్పదియారు దృశ్యములకు గిరాకి పెరిగి, మరి పది చేర్చి నలువదియారు చేసిరి. పేరు మాత్రము ముప్పదియారుగానే నిలిచినది. అందలి నీలిరంగు జర్మనీలోని బెర్లినులో 18వ శతాబ్దపు మొదట కనుగొన్నది. విదేశ వర్తకమువలన నాగసాకి చేరినది.

ఇక చేతితో ప్రతివ్రాసినవారిలో మిక్కిలి ప్రసిద్ధుడు హాలెండు దేశస్థుడైన విన్సెంట్ వాన్ గో. ఆయన పారిసులో నున్నపుడు సోదరుడు థియోతో కూడి వందలకొలది జపాను బొమ్మలను కొనెను. 1887లో వానిలో మూడింటిని తైలవర్ణములతో బట్టపై వ్రాసెను. రెండు హిరోషిగే బొమ్మలు: ఒకటి కమెయిదోలోని ప్లమ్ పూలచెట్ల తోట, రెండవది హఠాత్తుగా కురిసిన వానలో వంతెనపై పరుగిడు జనము. ఈ రెండును హిరోషిగే 1856 మొదలు 1858లో చనిపోవువరకు చేసిన యెదో నగరపు నూరు దృశ్యములలోనివి. మూడవది ఏసెన్ అను చిత్రకారుని స్త్రీరూపము. అది ఆయనకు ఒక ఫ్రెంచి పత్రిక అట్టపై దొరకినది.

వాన్ గో గళ్లు గీచి కొలతపెట్టి రేఖలను పెంచి వ్రాసికొనెను. ఆ గళ్ల కాగితములు నేటికిని ఆమ్‌స్టర్‌డామ్ నగరమున ఆయన పేరిట నున్న మ్యూజియమున భద్రముగా నున్నవి. అంతటివాడు గళ్లు గీచెనని తెలిసినచో, గళ్లు గీచుట చేతగానితనమని సిగ్గుపడు మన బాలురకు ధైర్యము కలుగునని యిచ్చట వ్రాయుచున్నాము. అయితే ఆయన రేఖను పట్టుకొనెనే గాని రంగును విడిచిపెట్టెను. హిరోషిగే వంతెన క్రింది నీరు చదునైన నీలము. ఒకవైపు మెల్లగా చిక్కబడును, అంతే. వాన్ గో నీరు కుంచె పోట్లతో కదలుచున్నది. చెట్టుమ్రాను నలుపు బదులు ఎఱుపు, నీలము కలిసి మండుచున్నట్లుండును. పటము కొలత బట్టకు చాలకపోగా, చుట్టును అంచు వేసి, వేరు బొమ్మలనుండి జపాను అక్షరములను తెచ్చి అలంకారముగా నింపెను. వాని అర్థము ఆయనకు తెలియదు. ఇవి ప్రతులా, క్రొత్త చిత్రములా అని యడిగినచో, ప్రతి వ్రాయుచు వ్రాయుచు తన చేతిని కనుగొన్నవని మా యభిప్రాయము. ఆయన వాని నెన్నడును తన కల్పనలని చెప్పుకొనలేదు.

వాన్ గో జాతివారికిని మన గోదావరి సీమకును వేరొక సంబంధమున్నది. హాలెండు వర్తకులు 1605లో మచిలీపట్టణమున దిగిరి. పాలకొల్లు, ద్రాక్షారామము, కాకినాడ చెంతనున్న జగన్నాథపురము వారి బట్టల వ్యాపారమునకు స్థావరములైనవి. 1825లో అవి ఆంగ్లేయుల వశమగువరకు వారు పూర్తిగా పోలేదు. ఈ హాలెండువారే జపానులో 1609లో హిరాదో రేవున వర్తకమారంభించి, 1641 నుండి నాగసాకి యెదుటి దెజిమా అను చిన్న దీవిలో నివసించిరి. ఇతర ఐరోపావారి కెవ్వరికిని ఆ కాలమున జపాను తలుపు తెరవబడలేదు. వారి ఓడలలో చోళమండల తీరమునుండియు గుజరాతునుండియు పూల బట్టలు జపాను చేరినవి. జపానువారు వానిని సరసా అనిరి. వారికవి యెంత అపురూపములనగా, అంగుళముల ముక్కలను కూడ పారవేయక తేనీటి పాత్రలకు ఉఱలుగా కుట్టుకొనిరి. హికొనే ప్రభువులైన ఈ వంశమువారు కూర్చిన 450 ముక్కలు నేడు టోక్యో జాతీయ మ్యూజియమున కలవు.

ఆ బట్టలను చూచి జపానువారు ఊరకుండలేదు. 1778లో సరసా బెన్రాన్ అను పుస్తకమును ప్రకటించిరి. అందు విదేశపు బట్టలలోని పూలు, తీగెలు, అంచులు చెక్కయచ్చులో ముద్రింపబడినవి. అనగా మన దేశపు చెక్కయచ్చు పనిని, కలపు పనిని వారు తమ చెక్కయచ్చులో తిరిగి వ్రాసిరి! వారి అద్దకమువారు దానిని చూచి, కత్తిరించిన కాగితపు అచ్చులతో రంగు పూసి తమ సరసాలను చేసికొనిరి. అవి మొదట అనుకరణములు. కొంతకాలమునకు జపానువారి సొంత సొగసు వానిలో ప్రవేశించినది. ఒకరి నొకరు చూచి వ్రాయుట ఈ రెండు తీరముల నడుమ మూడువందల యేండ్ల క్రిందటనే ఆరంభమైనదన్నమాట.

కుంచె కూడ వచ్చినది. ఒకకుర కకుజో ప్రోద్బలమున 1903లో యొకొయామ తాయికాన్, హిషిద షున్సో అను చిత్రకారులు కలకత్తాకు వచ్చిరి. వారి తడికుంచె పద్ధతిని చూచి అవనీంద్రనాథ ఠాకూరు, వ్రాసిన పటమును నీటితో తడిపి రంగును మెత్తబరచు విధానమును రూపొందించెను. ఆ బాణీని ప్రమోద కుమార చటర్జీ మచిలీపట్టణపు ఆంధ్ర జాతీయ కళాశాలకు తెచ్చెను. మన భీమవరమున 1895లో జన్మించిన అడివి బాపిరాజుగారు ఆయనవద్ద నేర్చికొనిరి.

రాజమహేంద్రవరమున మాత్రము గాలి వేరుగా వీచినది. ఇచ్చటి కళాశాల ప్రిన్సిపాలుగా నున్న ఆస్వాల్డ్ కూల్డ్రేగారు తామును నీటిరంగులతో చిత్రములు వ్రాసెడివారు. బాపిరాజుగారిని, దామెర్ల రామారావుగారిని ప్రోత్సహించిన గురువు ఆయనయే. తన చుట్టునున్న జనమును, నదిని, ఎద్దులను చూచి వ్రాయుమని ఆయన బోధ. 1897లో పుట్టిన రామారావుగారు బొంబాయి కళాశాలలో చదివి తిరిగి వచ్చి, రాజమహేంద్రవరమున చిత్రకళాశాల నెలకొల్పి, 1925 ఫిబ్రవరిలో మశూచికముతో గతించిరి. ఇరువదియెనిమిది యేండ్లు నిండలేదు. వారి మిత్రుడు వరదా వెంకటరత్నముగారు మొదలగువారి పట్టుదలచే ఆ చిత్రములు ఊరు దాటిపోక, వారి పేరిటి చిత్రశాలలో నిలిచినవి. మన విద్యార్థులు అచ్చటికి పోయినపుడు రేఖను గమనింపవలెను. సన్నగా, తెగక, నిండు ధైర్యముతో సాగిన రేఖ అది.

ఇచ్చట నొక వివాదమును తప్పింపరాదు. చిత్రలేఖనోపాధ్యాయులలో కొందరు ప్రతివ్రాత మాటయే ఎత్తనీయరు. బాలుని కన్ను చెడునని వారి భయము. మరికొందరు యేడాది పొడవునను ప్రతులే వ్రాయింతురు. కొన్ని యేండ్ల క్రిందట ఒక ప్రదర్శనములో ఒక బాలుని పటమునకు మొదటి బహుమతి వచ్చినది. అది హిరోషిగే వానబొమ్మను చూచి వ్రాసినది. చేతిపని చక్కనిదే. కాని పటము క్రింద బాలుని పేరు మాత్రమే యున్నది. న్యాయనిర్ణేతలు దానిని వాని కల్పనయే యనుకొనిరి. సంగతి బయటపడినపుడు బాలుడు ఏడ్చెను, వాని తండ్రి, "మావాడు దొంగతనం చేశాడంటారా?" అని కోపించెను. దొంగతనమని మేమనము. ప్రతి క్రింద ఏమి వ్రాయవలెనో వానికెవ్వరును చెప్పియుండలేదు. అయినను బహుమతి రానివారిలో, తన ఊరి కాలువగట్టును తన కంటితో చూచి, వంకరగానైనను వ్రాసిన బాలిక యొకతె యుండెను. ఆమెకు జరిగిన అన్యాయమును గూర్చి ఆనాడెవ్వరును మాటాడలేదు.

కావున ప్రతివ్రాతను పాఠముగా నుంచి, దాని షరతులను చెప్పుచున్నాము.

కాగితము రంగు పీల్చనిదిగా నుండవలెను. జపానువారు పలుచని జిగురు నీటిలో పటిక కలిపి కాగితమునకు పూసి ఆరబెట్టుదురు. దానిని దోసా అందురు. మన దోసెతో దీనికి చుట్టరికము లేదు. నల్లరేఖ ముందు, రంగు పిదప. రేఖకు కుంచెను నిలువుగా పట్టవలెను. మీరు చూచి వ్రాయునది కత్తి విడిచిన రేఖ యని మరువరాదు. దాని మొనలు వాడిగా నుండును, దాని యంచులు చెదరవు. మనము మామూలుగా చేయునట్లు చిన్నచిన్న గీతలు అతికి ఒక రేఖ చేసినచో బొమ్మ చచ్చిపోవును. ఒక రేఖ చెడినచో దానిని దిద్దకుడు. వేరు కాగితముపై ఆ రేఖనే పదిసార్లు వ్రాయుడు.

రంగు చదునుగా రావలెను. ఒక తావునకు కావలసిన రంగునంతయు ఒక్కసారియే సాసరులో కలుపుకొనవలెను; నడుమ చాలకపోయినచో మరల అదే చాయ రాదు. పలకను కొంచెము వాల్చి, వెడల్పు కుంచెతో పైనుండి క్రిందికి దింపవలెను. ఆకాశమునందు నీలము క్రమముగా మాయమగునట్లు కనబడు తావున, ముందుగా మంచినీటితో కాగితమును ఒకవైపు తడిపి, రంగును రెండవవైపునుండి దానిలోనికి నడపవలెను. ముద్రించువాడు ఇదే పనిని పలకమీద చేయును. దానిని బొకాషి యందురు. నీడలు వేయరాదు. ముఖము గుండ్రముగా కనబడుటకై బుగ్గక్రింద నలుపు పూయు అలవాటు మన బాలురకు పటములను చూచి వచ్చినది. ఈ బొమ్మలలో దానికి తావు లేదు.

పాత బొమ్మలలో ఆకాశమున చెక్క నారగీతలు లీలగా కనబడును. వానిని కుంచెతో గీచి చూపు నేర్పరులు కలరు. మా కది యిష్టము లేదు. లేని చెక్కను ఉన్నట్లు చూపుట యేల? అట్లే చిత్రకారుని సంతకమును, ప్రకాశకుని ముద్రను, తనిఖీదారుల ముద్రను ప్రతిలో వ్రాయవలదు. ఆ తావును ఖాళీగా విడువుడు.

ఒక ప్రతి పూర్తియైన పిదప, ఆ పద్ధతిలోనే సొంతచిత్రమొకటి వ్రాయవలెను. వానలో వంతెనను వ్రాసినవాడు గోదావరిపై వానను వ్రాయవచ్చును. 1900లో రైళ్లకు తెరచిన హేవులాకు వంతెన, 1997లో రైళ్లు నిలిచిన పిదపను నీటిలో తన స్తంభములతో నిలిచియున్నది. ఆ స్తంభముల వరుస, వరదనీటి యెఱుపు, గొడుగు వంచిన మనుష్యుడు: మూడు రంగులు చాలును. జపాను చిత్రకారుడు యొషిద హిరోషి 1930 ప్రాంతమున మన దేశమునకు వచ్చి తాజమహలును, సాంచిని, మధుర ఆలయమును చెక్కయచ్చు బొమ్మలుగా చేసెను. గోదావరిని ఆయన వ్రాసినట్లు మేమెరుగము. ఆ పని మనవారిదే.

ప్రతియైనచో పటము క్రిందనే, వెనుక కాదు, "హిరోషిగే అచ్చుబొమ్మను చూచి వ్రాసినది" అని తెలుగున వ్రాసి, దాని క్రింద మీ పేరును తరగతిని సంవత్సరమును వ్రాయవలెను. పూర్తిగా ఆరిన పిదప రెండు తెల్లకాగితముల నడుమ నుంచి చదునుగా భద్రపరచుడు. గోడకు తగిలించినచో కిటికీ కెదురుగా ఎండ పడుచోట తగిలింపకుడు.